చలిదేశములలో హైబ్రిడ్ కారు

చలికాలపు తెల్లవారుజామున కొబ్బరినూనె సీసాను తలక్రిందులు చేసినను చుక్క రాలదు. దానిని ఎండలోనో, పొయ్యి ప్రక్కనో కొంతసేపు ఉంచినగాని నూనె కరగదు. లంబసింగి, ఆదిలాబాదు ప్రాంతములవారికి ఈ అనుభవము మరికొంత ఎక్కువ. అయినను మన చలి వాహనములకు కలిగించు ఇబ్బంది స్వల్పము. సున్నాకు 20, 30 డిగ్రీలు దిగువకు ఉష్ణోగ్రత పడిపోవు కెనడా, మిన్నెసోటా, ఉత్తర నార్వే వంటి చోట్ల సంగతి వేరు. అక్కడ రాత్రంతయు బయట నిలిచిన కారు ఉదయమున ఇనుప మంచుగడ్డ వలె ఉండును. మిన్నెసోటాలోను, టొరంటోలోను కాపురములు పెట్టిన తెలుగువారు ఇప్పుడు వేలసంఖ్యలో ఉన్నారు గనుక, ఈ విషయము మనవారిలో కొందరికి స్వానుభవమే.

ఆ దేశములలో ఒక విచిత్రము కనబడుచున్నది. పెట్రోలును పొదుపు చేయుటకే పుట్టిన హైబ్రిడ్ కారు, అనగా పెట్రోలు ఇంజనును విద్యుత్ మోటారును కలిపి నడపు సంకరవాహనము, చలి ముదిరినకొలది తన పొదుపులో పెద్దభాగమును కోల్పోవును. అమెరికా ప్రభుత్వమువారు ప్రకటించిన లెక్క ప్రకారము, సాధారణ పెట్రోలు కారు పట్టణములో 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఇచ్చు మైలేజితో పోల్చినచో, సున్నాకు 7 డిగ్రీల దిగువన అది సుమారు 15 శాతము తగ్గును. హైబ్రిడ్ కారుకు 30 నుండి 34 శాతము వరకు తగ్గవచ్చును. తగ్గిన తరువాత కూడ హైబ్రిడ్ కారే తక్కువ పెట్రోలు త్రాగును. ఆ మాట మరువరాదు. కాని ఎక్కువ ధర పెట్టి కొన్నవాడు లెక్క చూచుకొనునది పెట్రోలు బంకు వద్దనే గదా! మేలైన యంత్రము చలికి ఎక్కువగా ఏల లొంగవలెను? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో హైబ్రిడ్ కారు పుట్టుటకు చాలముందు కాలమునకు పోవలెను.

ఉచితముగా వచ్చిన వేడి

ఒక లీటరు పెట్రోలు మండినపుడు సుమారు 32,000 కిలోజౌళ్ల ఉష్ణము పుట్టును. పాతకాలపు కారులో ఇందు నాలుగవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పుటకు ఉపయోగపడెడిది. తక్కినదంతయు రేడియేటరు గుండ గాలిలోనికిని, పొగగొట్టము గుండ వీధిలోనికిని పోయెడిది. ఇంజనీరు దృష్టిలో ఇది నష్టము. చలిదేశపు ప్రయాణికుని దృష్టిలో ఇదియే వరము.

మొదటి కార్లకు పైకప్పు కూడ సరిగా లేదు. అందులో కూర్చున్నవారు కంబళ్లు కప్పుకొని, వేడిచేసిన ఇటుకలను కాళ్ల దగ్గర పెట్టుకొని ప్రయాణము చేసిరి. కార్లకు తలుపులు, అద్దములు వచ్చిన తరువాత పొగగొట్టపు వేడిని లోపలికి మళ్లించు ప్రయత్నములు జరిగినవి. వానిలో విషవాయువు లోపలికి దూరు భయముండెను. 1930 దశకములో మంచి మార్గము దొరకినది. ఇంజనును చల్లార్చుటకు దాని చుట్టును నీరు తిరుగుచుండును గదా. ఆ వేడినీటిని కారు లోపల అమర్చిన మరియొక చిన్న రేడియేటరు గుండ పంపి, దాని మీదుగా గాలిని ఊదుట. 1938లో అమెరికాలోని నాష్ కంపెనీవారు బయటి గాలిని వడగట్టి, ఈ విధముగా వేడిచేసి లోపలికి పంపు ఏర్పాటును తమ కార్లలో పెట్టిరి. నేటి కార్లలోని హీటరు మూలసూత్రము అదే.

గంజి వార్చు ఇంట పశువుకు కుడితి ఉచితము. ఎవరును కుడితి కొరకు బియ్యము కొనరు. ఆ విధముగనే చలిదేశపు కారులో వెచ్చదనము ఉచితముగా లభించినది. దానికొరకు ఎంత పెట్రోలు ఖర్చగుచున్నదని అడిగినవారు లేరు. ఖర్చేమియు కాలేదు కూడ.

ఇబ్బంది అంతయు మొదటి పది నిమిషములలో ఉండెను. చలికి ఇంజనులోని నూనె చిక్కబడి పిస్టనుల కదలికను అడ్డగించును. పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనుక మామూలు కంటె ఎక్కువ పెట్రోలును సిలిండరులోనికి పంపవలసి వచ్చును. అందు కొంత మండకనే పొగతో బయటపడును. ఇంజను త్వరగా వేడెక్కుటకు డ్రైవర్లు ఒక చవుక ఉపాయము కనిపెట్టిరి: రేడియేటరు ముందు అట్టముక్కను అడ్డము పెట్టుట. చల్లగాలి తగలకపోవుటచే ఇంజను తొందరగా వేడెక్కును. ఈ అట్టముక్కకు తరువాత కథలో మరల పాత్ర ఉన్నది.

ఇంకొక ఉపాయము ఉత్తర డకోటా రాష్ట్రములోని గ్రాండ్ ఫోర్క్స్ పట్టణమున పుట్టినది. గ్రామీణ విద్యుత్ సహకార సంఘములో పనిచేసిన ఆండ్రూ ఫ్రీమన్ అను ఇంజనీరు, సిలిండరు తలకప్పును బిగించు మరలలో ఒకదానిని తీసి, దాని స్థానమున విద్యుత్తుతో వేడెక్కు మరను బిగించెను. మొదటి నమూనాకు పాత ఇస్త్రీపెట్టెలోని తీగను వాడెనని చెప్పుదురు. 1949లో ఆయనకు దీనిపై పేటెంటు లభించినది. రాత్రి కారును నిలిపి ఇంటిలోని ప్లగ్గుకు తగిలించినచో ఉదయమునకు ఇంజను వెచ్చగా ఉండును. తరువాతి కాలములో ఈ హీటర్లు అనేక రూపములు దాల్చినవి. కెనడాలోని పశ్చిమ రాష్ట్రములలోను, అలాస్కాలోని ఫెయిర్‌బాంక్స్‌లోను కార్లు నిలుపు స్థలములలో వరుసగా విద్యుత్ ప్లగ్గుల స్తంభములు నేటికిని కనబడును. కొత్తగా వచ్చినవారు వానిని చూచి అక్కడ కార్లన్నియు విద్యుత్తుతో నడచుచున్నవని భ్రమపడుదురట!

అత్తెసరు పెట్టిన ఇల్లు

1997 డిసెంబరులో జపానునందలి టొయోటా కంపెనీవారు ప్రియస్ అను కారును అమ్మకమునకు పెట్టిరి. పెట్రోలు ఇంజనును విద్యుత్ మోటారును కలుపవలెనన్న ఊహ అంతకు పూర్వము లేకపోలేదు. 1900లోనే ఫెర్డినాండ్ పోర్షె అట్టి బండిని తయారుచేసెను. కాని పెద్దసంఖ్యలో తయారై సామాన్యులకు అమ్ముడైన మొదటి హైబ్రిడ్ కారు ప్రియస్ అని చెప్పవచ్చును. దీని ప్రధాన రూపకర్త తకేషి ఉచియమడ. 2000లో ఈ కారు అమెరికాకు వెళ్లినది.

ఇది పెట్రోలును ఎట్లు పొదుపు చేయును? మొదటిది, కారు ఆగినపుడును, మెల్లగా పోవునపుడును ఇంజను పూర్తిగా నిలిచిపోవును. మోటారే బండిని కదలించును. రెండవది, బ్రేకు వేసినపుడు వృథాయగు చలనశక్తిని మోటారు విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో నింపును. మూడవది, ఇంజనే వేరు రకము. 1880 దశకములో బ్రిటిషు ఇంజనీరు జేమ్స్ అట్కిన్సన్ ఊహించిన పద్ధతి ననుసరించి, వాయువులు లోపల నొక్కబడు దూరము కంటె వ్యాకోచించు దూరము ఎక్కువగా ఉండునట్లు చేసిరి. దీనివలన మండిన వాయువుల నుండి ఎక్కువ పని రాబట్టవచ్చును. పొగగొట్టమునకు పోవు వేడి తగ్గును. ఇట్టి ఇంజనుకు బలము తక్కువ. ఆ లోటును మోటారు తీర్చును.

ఇప్పుడు చలికాలమును తలచుకొనుడు. అత్తెసరు పెట్టిన ఇంట గంజి ఎక్కడిది? నీరంతయు మెతుకులలోనికే ఇంకించిన తరువాత పశువు కుండ ఎండిపోవును. హైబ్రిడ్ కారు సరిగా ఇట్టి ఇల్లు. దాని ఇంజను తక్కువ వేడిని పారవేయును. అదియును మాటిమాటికి నిలిచిపోవును. నిలిచిన ఇంజను నుండి వేడి రాదు. లోపల కూర్చున్నవారు హీటరు మీట త్రిప్పినచో, శీతలద్రవము చల్లబడిపోవును. అంతట కంప్యూటరు, బండి నడుపుటకు అక్కరలేకున్నను, వేడి కొరకే ఇంజనును నడిపించును. కుడితి కొరకు బియ్యము వండుట యనగా ఇదియే.

మరొక నిర్బంధము కూడ కలదు. పొగలోని విషవాయువులను హరించు ఉత్ప్రేరకము సుమారు 250, 300 డిగ్రీలకు వేడెక్కినగాని పనిచేయదు. కాబట్టి కారు బయలుదేరిన వెంటనే ఇంజను కొంతసేపు తప్పక నడువవలెను. రెండవ తరపు ప్రియస్‌లో శీతలద్రవము సుమారు 70 డిగ్రీలకు చేరువరకు ఇంజను స్వేచ్ఛగా నిలువదు. వేసవిలో ఈ గడువు కొద్ది నిమిషములలో తీరిపోవును. సున్నాకు 15 డిగ్రీల దిగువన, మూడు కిలోమీటర్ల దూరములోని బడికో, అంగడికో పోవువానికి గడువు తీరకముందే ప్రయాణము ముగియును! అతడు హైబ్రిడ్ కారుకు ధర చెల్లించెను. నడిపినది మాత్రము మామూలు పెట్రోలు కారును.

బ్యాటరీ పాలు కూడ ఇందున్నది. చలిలో రసాయన చర్యలు మందగించును, బ్యాటరీ యొక్క అంతర్నిరోధము పెరుగును. అందువలన బ్రేకు వేసినపుడు వచ్చు విద్యుత్తును అది పూర్తిగా పుచ్చుకొనలేదు. మోటారుకు ఇవ్వవలసినంత ఇవ్వలేదు. ఇవి హైబ్రిడ్‌కు ప్రత్యేకమైన కష్టములు. వీనికి తోడు అన్ని కార్లకును ఉన్నవే మరి రెండు: చల్లనిగాలి సాంద్రత ఎక్కువ, 25 డిగ్రీల గాలికంటె సున్నాకు 7 డిగ్రీల దిగువనున్న గాలి సుమారు 12 శాతము దట్టముగా ఉండి బండిని అంతమేరకు ఎక్కువగా అడ్డగించును, టైర్లలోని గాలి ఒత్తిడి కూడ తగ్గి దొర్లుట బరువగును. విద్యార్థులు వాయుసూత్రములను ఉపయోగించి ఈ రెంటిని తామే లెక్కకట్టి చూడవచ్చును.

లాస్ ఏంజిలిస్ వాతావరణములో పరీక్ష

ఈ నష్టము చాలకాలము లెక్కలకు అందకపోవుటకు ఒక కారణమున్నది. కార్ల పొగను, మైలేజిని కొలుచుటకు అమెరికాలో 1970 దశకమున స్థిరపడిన పరీక్ష, లాస్ ఏంజిలిస్ నగరములో ఉదయము పనికి పోవు మార్గము ననుసరించి రూపొందినది. కారును గదిలో దొర్లుడు చక్రముల మీద నిలిపి, 1,372 సెకన్ల పాటు, సుమారు 12 కిలోమీటర్ల దూరమునకు సమానముగా నడుపుదురు. గది ఉష్ణోగ్రత 20 నుండి 30 డిగ్రీలు. కనీసము 12 గంటలు కదలక నిలిచిన ఇంజనును అందులో మొదలుపెట్టుటను ‘చల్లని ఆరంభము’ అనిరి. ఆ చల్లదనము మన సంక్రాంతి మధ్యాహ్నపు చల్లదనము! మంచు ఎరుగని నగరపు గాలి, మిన్నెసోటా రైతుకు కూడ ప్రమాణమైనది.

1990లో అమెరికా వాయుశుద్ధి చట్టమును సవరించినపుడు, సున్నాకు 7 డిగ్రీల దిగువన కార్బన్ మోనాక్సైడును కొలుచు పరీక్షను చేర్చిరి. 1994 నమూనాల నుండి అది అమలులోనికి వచ్చినది. చలిలో మండని పెట్రోలు ఎంత పొగగా మారుచున్నదో ఆ పరీక్ష చూపినది. మైలేజి చీటీకి మాత్రము దానితో సంబంధము లేకుండెను. 2004 నమూనా ప్రియస్ చీటీ మీద పట్టణములో గాలనుకు 60 మైళ్లు, అనగా లీటరుకు సుమారు 25.5 కిలోమీటర్లు అని వ్రాసియుండెను. కొన్నవారిలో అనేకులకు అంత రాలేదు. చలికాలములో మరింత తగ్గినది.

2006 డిసెంబరులో అమెరికా పర్యావరణ సంరక్షణ సంస్థవారు లెక్కకట్టు విధానమును మార్చిరి. 2008 నమూనాల నుండి చలిపరీక్షతో పాటు అతివేగపు పరీక్షను, ఎయిర్ కండిషనరు నడిచెడి వేడి పరీక్షను కూడ మైలేజి లెక్కలోనికి తెచ్చిరి. పాత కార్లకు కూడ అంకెలను తిరిగి గణించిరి. అదే 2004 ప్రియస్ 60 నుండి 48కి దిగినది, లీటరుకు 20.4 కిలోమీటర్లు. కారులో ఒక్క మర కూడ మారలేదు. ఈ దిగుబడి అంతయు చలివలననే అని అనుకొనరాదు, వేగము, ఎయిర్ కండిషనరు కూడ పాలుపంచుకొన్నవి. కాని చలి మొదటిసారిగా చీటీ మీదికి ఎక్కినది. దానితో శీతకాలపు పొదుపు కంపెనీల అమ్మకములను తాకు విషయమైనది.

ఫ్లాస్కును మోసిన కారు

కంపెనీవారు అంతవరకు ఊరకున్నారని కాదు. 2003లో విడుదలైన రెండవ తరపు ప్రియస్‌లో, ఉత్తర అమెరికాకు పంపిన కార్లకు ఒక వింత పాత్రను అమర్చిరి. సుమారు 3 లీటర్ల వేడి శీతలద్రవమును నిలువచేయు ఫ్లాస్కు అది. రెండు గోడల నడుమ గాలి తీసివేసిన పాత్ర. 1892లో జేమ్స్ డ్యూయర్ అను శాస్త్రజ్ఞుడు ద్రవరూపమునకు మారిన వాయువులను చల్లగా ఉంచుటకు ఇట్టి పాత్రను తయారుచేసెను. తరువాత జర్మనులు దానిని థెర్మాస్ పేరుతో అమ్మకమునకు పెట్టగా, అది ప్రయాణికులకు కాఫీ పాత్రయైనది. నూరేండ్లు దాటిన పిమ్మట కారు బానెట్టు క్రిందికి చేరినది.

కారు ఆగినపుడు విద్యుత్ పంపు వేడిద్రవమును ఈ పాత్రలోనికి పంపును. అది మూడు రోజుల వరకు వెచ్చగా ఉండగలదు. మరల బయలుదేరునపుడు ఇంజను తిరుగుటకు ముందే పంపు ఆ ద్రవమును సిలిండరు తలకప్పులోనికి తోలును. ఇంజను మొదటి చుట్టు తిరుగు వేళకే వెచ్చబడియుండును. పెట్రోలు ఆవిరగును, మండని పొగ తగ్గును.

ఎంత లాభము? 3 లీటర్ల ద్రవము 80 డిగ్రీల నుండి 20 డిగ్రీలకు చల్లబడినచో, అది నీరే అనుకొన్న యెడల, 3 × 4.2 × 60 = 756 కిలోజౌళ్లు ఇచ్చును. శీతలద్రవములో గ్లైకాలు కలియుటచే దాని విశిష్టోష్ణము నీటికంటె తక్కువ. కావున సుమారు 700 అనుకొందము. ఒక లీటరు పెట్రోలులో 32,000 కిలోజౌళ్లున్నవి గదా. 700 కిలోజౌళ్లనగా 22 మిల్లీలీటర్ల పెట్రోలు, ఒక ఉగ్గుగిన్నెడు! మండిన పెట్రోలు వేడిలో సుమారు మూడవ వంతే శీతలద్రవమునకు చేరును గనుక, ఇంజను తనంతట తాను అంత వెచ్చబడుటకు మూడు ఉగ్గుగిన్నెలు కావలసివచ్చును. ఇంతకుమించి లేదు.

ఇక్కడ ఫ్రీమన్ ఉపాయముతో పోల్చి చూడవచ్చును. ప్రియస్‌కు అదనముగా అమ్మిన విద్యుత్ హీటరు సుమారు 400 వాట్లది. రెండు గంటలు తగిలించినచో 0.8 యూనిట్ల విద్యుత్తు, అనగా 2,880 కిలోజౌళ్లు. కొంత బయటి చలిలోనికి జారిపోయినను, ఫ్లాస్కు ఇచ్చు దానికి రెండు మూడు రెట్లు మిగులును. దీనిని బట్టి ఒక విషయము స్పష్టమగుచున్నది. ఫ్లాస్కు పెట్రోలు పొదుపు కొరకు పుట్టినది కాదు. మొదటి నిమిషములోని పొగను తగ్గించి కాలిఫోర్నియావారి కఠిన నియమములకు లోబడుటకు పుట్టినది. ఆ పని చక్కగా చేసినది. ఉత్ప్రేరకము నిద్రలేవక ముందు వచ్చు పొగయే పట్టణపు గాలిని ఎక్కువగా చెరచును గనుక అది చిన్న పని కాదు. పెట్రోలు విషయమున మాత్రము బరువైన పాత్ర, పంపు, కవాటములు, వీని ఖర్చుకు తగిన ప్రతిఫలము రాలేదు.

పొగగొట్టము వైపు చూపు

2009లో వచ్చిన మూడవ తరపు ప్రియస్‌లో ఫ్లాస్కు లేదు. ఇంజనీర్లు నిలువచేసిన వేడిని విడిచి, అప్పటికప్పుడు పారిపోవుచున్న వేడిని పట్టుకొనిరి. ఉత్ప్రేరకము దాటిన తరువాత, నేల క్రింది పొగగొట్టములో ఒక ఉష్ణవినిమయ సాధనమును ఉంచిరి. శీతలద్రవము చల్లగా ఉన్నంతవరకు ఒక రెక్క పొగదారిని మూసి, వేడిపొగను ద్రవపు గొట్టముల మీదుగా పంపును. ద్రవము కావలసినంత వేడెక్కగానే రెక్క తెరచుకొనును. పొగ తిన్నగా పోవును. ఉత్ప్రేరకమునకు పిమ్మట దీనిని ఉంచుటలో మెలకువ కలదు. ముందు ఉంచినచో ఉత్ప్రేరకమునకు చేరవలసిన వేడిని దొంగిలించినట్లగును.

ఈ ఏర్పాటు యొక్క ఘనత ఏమనగా, పొగగొట్టపు వేడిలో భాగము ప్రయాణముండునంతసేపు వచ్చుచునే యుండును. ఫ్లాస్కు వలె ఒకసారి పోసి ఖాళీ కాదు. ద్రవము త్వరగా వేడెక్కుటచే ఇంజను త్వరగా నిలుచుటకు అనుమతి దొరకును. హైబ్రిడ్ కారు చలిలో కూడ తన అసలు స్వభావమును తొందరగా పొందును. అదే కారులో నీటిపంపును కూడ బెల్టు నుండి తప్పించి విద్యుత్తుతో నడిపిరి. పాత ఇంజనులో పంపు ఇంజను వేగముతో పాటు తిరుగవలసినదే. చలి ఉదయమున కూడ అక్కరలేని నీటిని త్రిప్పి ఇంజనును చల్లబరచెడిది. విద్యుత్ పంపు అవసరమును బట్టి మెల్లగా తిరుగగలదు. 1930 దశకమునాటి ఇంజనీర్లు పొగగొట్టపు వేడిని విషవాయువునకు భయపడి విడిచిరని పైన చెప్పబడినది. ఎనుబదేండ్ల తరువాత ద్రవమును మధ్యవర్తిగా పెట్టి ఆ భయమును తప్పించుకొన్నారు.

అట్టముక్క కూడ ఊరకుండలేదు. ప్రియస్ యజమానులు చాలమంది చలికాలములో ముందరి జాలీ సందులలో నల్లని నురుగు గొట్టములను దూర్చి గాలిని అడ్డగించిరి. నీటి గొట్టములకు తొడుగుటకు అంగళ్లలో అమ్ము చవుక వస్తువది. ఎండ ముదిరినపుడు తీసివేయుట మరచినచో ఇంజను మితిమీరి వేడెక్కు ప్రమాదమున్నది. 2015 డిసెంబరులో జపానులో విడుదలైన నాలుగవ తరపు ప్రియస్‌లో కంపెనీవారే జాలీ వెనుక రెక్కలు పెట్టిరి. వేడి తక్కువగా ఉన్నపుడు అవి తమంతట మూసుకొనును, ఎక్కువైనపుడు తెరచుకొనును. డ్రైవర్ల తాతలు చేసిన పనికి యంత్రరూపము వచ్చుటకు ఇంతకాలము పట్టినది.

బ్యాటరీ విషయమున ఒక వెనుకడుగు చెప్పుకోదగినది. అమెరికాలో ఆ తరపు ప్రియస్‌లో ఎక్కువ రకములకు తేలికైన లిథియం బ్యాటరీ వచ్చినది. చలిలో లిథియం బ్యాటరీకి విద్యుత్తు వేగముగా ఎక్కించినచో లిథియము లోహముగా పేరుకొని చేటు చేయును. కనుక కంప్యూటరు దానిని అరికట్టవలెను. మంచుదారులకై 2019 నమూనాలో నాలుగు చక్రములకును చోదకశక్తి నిచ్చు ప్రియస్‌ను తెచ్చినపుడు, కంపెనీవారు దానికి పాత నికెల్ బ్యాటరీనే ఎన్నుకొనిరి. బరువెక్కువైనను చలికి అదే మేలని వారి నిర్ణయము. కొత్తదెల్ల మేలైనది కాదని ఒప్పుకొనుట కంపెనీలకు సులభము కాదు. ఈ నిర్ణయము మెచ్చదగినది.

కూర్చున్నవారికి వెచ్చదనము కలిగించుటలోను రెండు దారులు తెరచుకొన్నవి. మొదటిది గాలికి బదులు మనిషిని వెచ్చచేయుట. స్వీడనులోని సాబ్ కంపెనీవారు 1972 నమూనాలలోనే డ్రైవరు సీటులో విద్యుత్ తీగలు పెట్టి వేడిచేసిరి. కారులోని గాలినంతటిని వేడిచేయుటకు వేల వాట్లు కావలెను. సీటుకు వంద వాట్లలోపు చాలును. సీటు వేడిగా ఉన్నచో గాలిని కొంత తక్కువ వేడిలో ఉంచినను మనిషి ఓర్చుకొనును, ఇంజను మరికొంతసేపు నిలిచియుండును.

రెండవది హీట్ పంపు. 1852లో విలియం థామ్సన్, తరువాత కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధుడైనవాడు, చల్లని బయటిగాలి నుండియే వేడిని లాగి ఇంటిని వెచ్చచేయవచ్చునని సూత్రరీత్యా చూపెను. ఇది రిఫ్రిజిరేటరును వెనుకకు త్రిప్పినట్టిది. ఒక పాలు విద్యుత్తును ఖర్చుపెట్టి రెండు మూడు పాళ్ల వేడిని లోపలికి తోడవచ్చును. గోడప్లగ్గు నుండి బ్యాటరీ నింపుకొను ప్రియస్ ప్రైమ్ అను కారు 2016లో వచ్చినది. అందు టొయోటావారు అమర్చిన హీట్ పంపు, సుమారు సున్నాకు 10 డిగ్రీల దిగువ వరకు ఇంజనును కదల్చకయే లోపలివారిని వెచ్చగా ఉంచగలదు.

ఆ హద్దు దాటిన తరువాత బయటిగాలి నుండి వేడిని తోడుట కష్టమగును. అప్పుడు ప్రియస్ ప్రైమ్‌లో బ్యాటరీ నిండుగా ఉన్నను, బండి మెల్లగా పోవుచున్నను, హీటరు మీట త్రిప్పగానే పెట్రోలు ఇంజను తిరుగుట మొదలుపెట్టును. విన్నిపెగ్‌లో జనవరి నెల తెల్లవారుజామున కనిష్ఠ ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉండుట మామూలు. అక్కడివారు ఇప్పటికిని రాత్రి ఇంజను హీటరును స్తంభపు ప్లగ్గునకు తగిలించి, ముందరి జాలీకి అడ్డు పెట్టి, ఉదయము సీటు మీట త్రిప్పి బయలుదేరుచున్నారు.